వారం బిళ్ళంటే భయం, పొట్లాం అంటే నమ్మకం

అమలాపురం కానివ్వండి, పాలకొల్లు కానివ్వండి, భీమవరం కానివ్వండి, సాయంత్రం పూట మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఎవరో ఒకరి నోట ఈ మాట వినబడుతుంది: "ఆ వారం బిళ్ళ పవరెక్కువటండీ. కాన్సరోళ్ళకిచ్చేదట. మానేశానండి. మా ఊరి డాక్టరుగారి పొట్లామే వాడుతున్నాను, హాయిగా ఉంది." షాపులో ఉన్నాయన తలూపుతాడు. పక్కనున్న ఇద్దరూ తలూపుతారు.

ఆ తలూపడం దగ్గరే నాకు పేచీ. కీళ్ళ నొప్పులకి ఏళ్ళ తరబడి మందులు మింగే మన డెల్టా జనానికి, వాళ్ళు భయపడే మందు కన్నా నమ్ముతున్న మందే ఎక్కువ చెరుపు చేస్తోందని నా అభిప్రాయం. వారం బిళ్ళంటే రుమటాయిడ్ కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్. దానికి రక్తపరీక్షలున్నాయి, తేదీలున్నాయి, "ఎలా ఉంది?" అని అడిగే మనిషి ఉన్నాడు. పొట్లానికి ఎవరూ లెక్క రాయరు. ఏళ్ళ తరబడి మింగాల్సిన మందు ప్రమాదమా కాదా అన్నది ఆ లెక్క ఉందా లేదా అన్నదాన్ని బట్టే చాలావరకు తేలిపోతుంది.

పొట్లాం విప్పితే

ఆ కాగితప్పొట్లంలో మామూలుగా మూడు నాలుగు బిళ్ళలుంటాయి. పెద్దది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన నొప్పి బిళ్ళ. ఒకటి గ్యాసు బిళ్ళ. రంగుది బీ-కాంప్లెక్స్. మిగిలింది బాగా చిన్న తెల్ల బిళ్ళ. అది డెక్సామెథసోనో, బీటామెథసోనో, ప్రెడ్నిసొలోనో అయ్యుంటుంది, అంటే స్టెరాయిడ్. స్ట్రిప్పులోంచి విడదీసి ఇస్తారు కాబట్టి పేరూ ఉండదు, గడువు తేదీ కూడా ఉండదు. ఆ హాయిలో ఎక్కువ వాటా ఈ చిన్న బిళ్ళదే.

మోతాదు లెక్క చూద్దాం. డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములు దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. 0.5 మిల్లీగ్రాముల బిళ్ళ పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటే రోజుకి ఆరేడు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ పడుతున్నట్టు. ఇది పెద్ద మోతాదేం కాదు. కీళ్ళవాతం నిపుణులు కూడా మొదట్లో ఇంత ఇస్తారు. అయితే వాళ్ళు జబ్బుని అదుపు చేసే అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా వాడి, వీలైతే మూడు నెలల్లోపే మెల్లగా తగ్గించి ఆపేయాలన్న ఆలోచనతో ఇస్తారు. అదీ ప్రెడ్నిసొలోన్, పొద్దున్న టిఫిన్ తర్వాత ఒక్కసారే. డెక్సామెథసోన్ ఒక్క బిళ్ళ ప్రభావం ఒంట్లో ఒక రోజు దాటి ఉంటుంది. రెండు పూటలా వేస్తే, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులకి పని చేసే అవకాశమే దొరకదు.

మొదటి రెండు నెలలు మాత్రం బాగుంటుంది. ఆకలి పుడుతుంది, ముఖం నిండుతుంది. చుట్టాలు "ఒళ్ళు చేశారు, ఇప్పుడు బాగున్నారండీ" అంటారు. తర్వాత ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరిగి కాళ్ళూ చేతులూ సన్నబడతాయి. గాజు ఒత్తుకున్నా ముంజేయి నల్లగా కమిలిపోతుంది. ఇంట్లో ఎవరికీ లేని షుగర్ కొత్తగా బయటపడుతుంది. శుక్లాలు ముందే వస్తాయి. ఎముకలు గుల్లబారి, బాత్‌రూములో చిన్నగా జారినా తుంటి విరుగుతుంది. కొందరిలో తుంటి కీలు తలకి రక్తం అందక అది చచ్చుబడిపోతుంది. అప్పుడు కూడా "వాతం తుంటికి దిగిందండీ" అనుకుంటారే తప్ప పొట్లాన్ని అనుమానించరు.

మూడు రోజులు పొట్లాం ఆపితే మంచం దిగలేరు. ఆపితే నొప్పి తిరగబెట్టింది కదా, అంటే మందు గొప్పదే అన్న రుజువు వాళ్ళకి అక్కడ దొరుకుతుంది. నిజానికి ఆ మూడు రోజుల్లో జరిగేది వేరు. అణిగి ఉన్న జబ్బు ఒక్కసారి పైకి లేస్తుంది, పనిచేయడం మానేసిన అడ్రినల్ గ్రంథులు ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ని ఇవ్వలేకపోతాయి. నీరసం, వాంతులు, లేస్తే కళ్ళు తిరగడం అందుకే.

చెట్టు మందు, పసరు మందు, కీళ్ళ నొప్పుల పొడి అని అమ్మేవాటితోనూ ఇదే జాగ్రత్త ఉండాలి. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేసినా, కాపడం పెట్టుకున్నా ఎవరికీ నష్టం లేదు, ఉపశమనం కూడా ఉంటుంది. లోపలికి మింగే పొడి ఒక్క రాత్రిలో ఏళ్ళనాటి నొప్పిని మాయం చేసిందంటే మాత్రం అందులో స్టెరాయిడో, నొప్పి బిళ్ళో నూరి కలిపి ఉండొచ్చని అనుమానించడమే మంచిది. ఏ ఆకూ అంత వేగంగా పనిచేయదు.

నొప్పి బిళ్ళ చేసే పని, చేయని పని

స్టెరాయిడ్ లేకుండా ఒట్టి నొప్పి బిళ్ళే వాడేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ ఇవన్నీ చీటీ లేకుండా అమ్మకూడని మందులే. అమ్ముతున్న తీరు అందరికీ తెలుసు కాబట్టి అక్కడ ఆగను.

ఈ మందుల గురించి భయం అంతా "కడుపులో మంట" చుట్టూ తిరుగుతుంది. మంట ఉంటే నయం, మనిషి ఆపేస్తాడు. అరవై దాటినవాళ్ళలో కడుపులో పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు, మింగేదే నొప్పి తెలియనివ్వని మందు మరి. ముందు తెలిసేది మలం నల్లగా, జిగటగా రావడం. లేదా ఏ కారణమూ కనబడకుండా రక్తం తగ్గి ఆయాసం రావడం. "ఇంజక్షనైతే కడుపుకి మంచిదండీ" అనేది ఒట్టి భ్రమ. పుండు పడేది బిళ్ళ తగిలినచోట మాత్రమే కాదు, మందు రక్తంలో కలిసి కడుపు గోడకి రక్షణగా ఉండే పదార్థాన్ని తయారు కానివ్వదు. ఏ దారిన ఎక్కించినా అంతే. పాంటోప్రజోల్ ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, కానీ పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. మనవాళ్ళు అన్నీ కలిపి భోజనం తర్వాత మింగేస్తారు, అప్పుడు దాని పని తగ్గొచ్చు. పైగా అది కాపాడేది కడుపునే, కిడ్నీని కాదు.

కిడ్నీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర బీపీకి బాగా నడిచే బిళ్ళల్లో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినది ఒకటి. కిడ్నీలో వడపోత జరగాలంటే లోపలికి వచ్చే రక్తనాళం తెరుచుకుని ఉండాలి. నొప్పి బిళ్ళ దాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి పడితే వడపోతకి కావలసిన ఒత్తిడే ఉండదు. దీనికి మే నెల ఎండో, సార్వా ఊడ్పుల్లో పొద్దున్నుంచి చేలో వంగి తాగాల్సినన్ని నీళ్ళు తాగకపోవడమో, రెండు రోజుల విరేచనాలో తోడైతే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ వారంలోనే పెరిగిపోవచ్చు. బీపీ బిళ్ళ ఒక డాక్టరు రాస్తాడు, నొప్పి బిళ్ళ ఇంకొకరిస్తారు, రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళుండరు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు నొప్పి బిళ్ళ వేసుకోకూడదు. ఈ మూడు మందుల జోడీ ఉన్నవాళ్ళు డాక్టరుకి ఫోన్ చేసి బీపీ బిళ్ళ సంగతీ అడగాలి.

ఎటోరికాక్సిబ్‌కి "కడుపుకి మంచిది" అన్న పేరుంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ అది బీపీని పెంచుతుంది, గుండె జబ్బున్నవాళ్ళకి పనికిరాదు. ఈ కుటుంబానిదే అయిన రోఫెకాక్సిబ్‌ని గుండెపోటు ప్రమాదం వల్లే 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎటోరికాక్సిబ్ మోకాళ్ళ అరుగుదలకి రోజుకి 60 మిల్లీగ్రాములు దాటకూడదు, కీళ్ళవాతానికి 90. 120 బిళ్ళ, యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ నొప్పి పోటెత్తినప్పుడు, అదీ 8 రోజులకి మించకుండా వాడటానికి. నెలల తరబడి 120 మింగుతున్నవాళ్ళు మీ వీధిలోనే ఉండొచ్చు, ఒకసారి స్ట్రిప్పు చూడండి.

ఇంకో పొరపాటు, రెండు పేర్ల కింద ఒకే రకం మందు వేసుకోవడం. మోకాళ్ళకి ఎసిక్లోఫెనాక్ నడుస్తుండగా పంటి నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తారు. రెండూ కలిపితే నొప్పి రెండింతలేమీ తగ్గదు, చెరుపు మాత్రం పెరుగుతుంది.

మరి నొప్పి బిళ్ళలు అసలు వద్దా?

ఈ ప్రశ్నకి "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పే డాక్టర్లున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. డెబ్భై ఏళ్ళ మనిషి మోకాళ్ళ నొప్పితో దొడ్లోకి కూడా వెళ్ళలేక, నీళ్ళు తాగితే మళ్ళీ లేవాల్సి వస్తుందని నీళ్ళు మానుకుంటుంటే "నొప్పి ఓర్చుకోండి, బిళ్ళలు మంచివి కావు" అనడం దయలేని మాట. కదలకపోతే తొడ కండ కరిగిపోతుంది, కండ కరిగితే మోకాలి మీద బరువు పెరుగుతుంది, షుగర్ అదుపు తప్పుతుంది. నొప్పి వల్ల కూడా నష్టం ఉంటుందని ఒప్పుకోవాలి.

అరుగుదలని ఆపే మందు ఇప్పటిదాకా లేదు. "గుజ్జు పెరగడానికి" అని నెలనెలా వందల రూపాయలు పోసి కొనే గ్లూకోసమైన్ బిళ్ళల వల్ల పెద్ద ఉపయోగం తేలలేదు. ఆ డబ్బుతో డైక్లోఫెనాక్ జెల్ కొనుక్కుంటే మేలు. 1 శాతం జెల్ ఒక మోకాలికి పూటకి 4 గ్రాములు, రోజుకి నాలుగు సార్ల దాకా రాయొచ్చు. 4 గ్రాములంటే చూపుడువేలి చివరి కణుపు పొడవున ఎనిమిది గీతలు. మనవాళ్ళు శనగగింజంత రాసి, "పనిచేయలేదండీ" అని పక్కన పడేస్తారు. ఆ పూర్తి మోతాదు ఒక మోకాలికి రాసినా రక్తంలోకి చేరేది బిళ్ళతో పోలిస్తే దాదాపు 6 శాతమే. రాశాక పైన గుడ్డ బిగించి కట్టకూడదు, వేడి కాపడం పెట్టకూడదు.

దీనికి తోడు తొడ కండకి పని పెట్టాలి. మంచం మీద కాళ్ళు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలితో దాన్ని కిందికి అదిమి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఫలితం తెలియడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఇవన్నీ చేశాక కూడా నొప్పి బిళ్ళ కావాల్సి వస్తే, పెళ్ళికో, తీర్థానికో, నొప్పి బాగా ఉన్న నాలుగు రోజులకో, తక్కువ మోతాదులో వేసుకోవచ్చు. రోజూ కావాల్సినవాళ్ళు ఆరు నెలలకోసారైనా క్రియాటినిన్, హిమోగ్లోబిన్, బీపీ చూపించుకోవాలి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఈ వెసులుబాటు కూడా లేదు.

జబ్బు తెలియకుండా ఇచ్చే మందు

అరుగుదలకి చెప్పిన మాట కీళ్ళవాతానికి చెల్లదు. పొట్లాం చేసే అసలు అన్యాయం ఇదే. మోకాళ్ళ అరుగుదల, రుమటాయిడ్ కీళ్ళవాతం, చికున్‌గున్యా తర్వాత మిగిలిన నొప్పులు, యూరిక్ యాసిడ్ గౌట్, నాలుగు వేర్వేరు జబ్బులకీ ఒకటే పొట్లాం. నాలుగింటికీ తగ్గినట్టే ఉంటుంది.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్ళల్లో లేసు అల్లే ఆడవాళ్ళని చూడండి. సూది పట్టేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. రుమటాయిడ్ మొదలయ్యేది ఎక్కువగా చేతివేళ్ళ మొదటి కణుపుల దగ్గరా, మధ్య కణుపుల దగ్గరా, మణికట్టు దగ్గరా. గోటి దగ్గర కణుపుని సాధారణంగా వదిలేస్తుంది. పొద్దున్నే పిడికిలి బిగించలేరు. చెంబుని రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుతారు. తడిబట్ట పిండలేరు, ముగ్గు వేయడానికి పిండి వేళ్ళ మధ్య నిలవదు. ఈ బిగుసుకుపోవడం అరుగుదలలో అయితే పావుగంట, అరగంటలో సర్దుకుంటుంది. రుమటాయిడ్‌లో గంట దాటుతుంది. పొద్దున్న ఎంతసేపు పట్టేస్తోందన్న ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలామందికి జబ్బు ముందే పట్టుబడుతుంది. తర్వాత యాంటీ-సీసీపీ, ఆర్.ఏ. ఫ్యాక్టర్, ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ ఒక్కటి పాజిటివ్ అయితే జబ్బున్నట్టు కాదు, పెద్ద వయసువాళ్ళలో ఊరికే కూడా వస్తుంది. ఇక గొంతు ఇన్ఫెక్షన్ జాడ చూపే ఏఎస్ఓ పరీక్ష ఎక్కువ వచ్చిందని నడివయసువాళ్ళకి మూడు వారాలకోసారి పెన్సిలిన్ పొడవడం ఇంకా అక్కడక్కడా సాగుతూనే ఉంది. ఆ ఇంజక్షన్ చిన్నప్పటి రుమాటిక్ జ్వరం నుంచి గుండెని కాపాడటానికి. ఈ జబ్బుకి దాంతో పనే లేదు.

రుమటాయిడ్‌లో కీలు లోపలి పొర వాచి ఎముకని తినేస్తూ ఉంటుంది. నొప్పి బిళ్ళ ఆ తినడాన్ని ఆపదు. ఏటిగట్టు అడుగున ఊట పడితే పైన మట్టి పోసి చదును చేసినట్టే అవుతుంది. రెండేళ్ళు హాయిగా గడిచాక వేళ్ళు చిటికెనవేలి వైపు వంగిపోతాయి. వంగినవి ఏ మందుకీ తిరిగి రావు.

భీమవరం నుంచి వచ్చిన మందు

వారం బిళ్ళ అంటే మెథోట్రెక్సేట్. దాని వెనక మన ఊరి మనిషే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. దాని పనికి అడ్డుపడే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడి పరిశోధనల నుంచే వచ్చాయి. మొదట పిల్లల రక్త కాన్సర్‌కి వాడారు. అమెరికాలో రుమటాయిడ్‌కి అనుమతి వచ్చింది 1988లో. ఇవాళ ప్రపంచంలో ఎక్కడైనా రుమటాయిడ్‌కి సాధారణంగా మొదట రాసే మందు ఇదే. దాంతోపాటు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా ఆయన బృందం పనే.

"కాన్సర్ మందు" అన్నది నిజమే. కాన్సర్లో కొన్నిచోట్ల ఒక్క విడతకే గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. కీళ్ళవాతానికి వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఈ తేడా చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పకుండా చీటీ చేతిలో పెడితే, ఇంటికెళ్ళాక కొడుకు ఫోన్‌లో వెతుకుతాడు, ‘కాన్సర్’ అన్న మాట కనబడుతుంది, ఆ వారంతోనే మందు ఆగిపోతుంది. ఇందులో రోగి తప్పేముంది?

ఇంకో కారణం దాని నెమ్మది. పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగో వారానికి "ఏం గుణం లేదండీ" అని మానేస్తారు. మొదటి మోతాదు మర్నాడు వికారం, తలదిమ్ము ఉండొచ్చు. రాత్రి పడుకోబోయే ముందు వేసుకున్నా, మోతాదుని అదే రోజు రెండు పూటలకి విడదీసుకున్నా, తగ్గకపోతే చర్మం కింద ఇంజక్షన్‌కి మారినా చాలామందికి సర్దుకుంటుంది. ఈ దారులున్నాయని చెప్పేవాళ్ళు లేక మానేసినవాళ్ళే ఎక్కువ.

మెథోట్రెక్సేట్ ప్రమాదం లేని మందని నేను అనడం లేదు. వారానికి ఒకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే ప్రాణమే పోవచ్చు. అది ఎలా జరుగుతుందో తెలుసుకుంటే ఆపొచ్చు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. మిగతా మందులన్నీ రోజువారీవి. షాపులో అలవాటుగా కవరు మీద ‘1-0-0’, అంటే రోజూ పొద్దున్న ఒకటి, అని రాసేస్తారు. 2.5 మిల్లీగ్రాముల బిళ్ళల బదులు 10 మిల్లీగ్రాములవి ఇస్తే, "ఎప్పుడూ మూడు వేసుకుంటా కదా" అని మూడు వేసుకుంటారు. ముందు నోట్లో పుళ్ళు వస్తాయి, తర్వాత జ్వరం, రక్తకణాలు పడిపోవడం. నోట్లో పుళ్ళు వచ్చిన రోజే మందు ఆపి పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. దీనికి విరుగుడు ల్యూకోవోరిన్ ఉంది, అది ఎంత త్వరగా పడితే అంత మంచిది.

కాబట్టి వారం పేరు తెలుగులో రాయించుకోండి: "ఆదివారం రాత్రి మాత్రమే, 2.5 మిల్లీగ్రాముల బిళ్ళలు నాలుగు" అని, మీ డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం. ఫోలిక్ యాసిడ్ సోమవారం. ఒకే బలం బిళ్ళలు ఎప్పుడూ వాడండి. నాలుగు వారాలకి సరిపడా మాత్రమే కొనండి, డబ్బాలో ఎక్కువ బిళ్ళలు మిగిలితే ఏదో తప్పు జరుగుతోందని, తక్కువ మిగిలితే ఇంకా పెద్ద తప్పు జరిగిందని తెలుస్తుంది. జ్వరమొచ్చిన వారం, విరేచనాలు పట్టుకున్న వారం వేసుకోకూడదు. మూత్రంలో మంటకి చవగ్గా ఇచ్చే కో-ట్రైమాక్సజోల్ దీనితో కలవకూడదు, రక్తకణాలు పడిపోతాయి. పొడి దగ్గు, ఆయాసం కొత్తగా వస్తే చెప్పాలి. కల్లూ సారా మానాలి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు కనీసం మూడు నెలల ముందు డాక్టరుకి చెప్పి ఆపాలి. కీళ్ళవాతం ముప్పైల్లో ఉన్న కోడళ్ళకీ వస్తుంది కాబట్టి ఈ మాట ఇంట్లో సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. రక్తకణాలు, లివర్, క్రియాటినిన్ పరీక్షలు మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి.

రుమటాయిడ్‌కి వాడే మిగతా మందుల్లో సల్ఫాసలజీన్ మూత్రాన్ని నారింజ రంగుకి మారుస్తుంది. అది తెలియక రక్తం పోతోందని హడలిపోయి మానేస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. 40 కిలోల బక్కపలచటి మనిషికి రోజుకి 200 చాలు, 400 ఏళ్ళ తరబడి వేస్తే కంటి రెటీనాకి ముప్పు. మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ళ తర్వాత ఏటా కంటి పరీక్ష.

గౌట్‌లోనూ ఇదే కథ. యూరిక్ యాసిడ్‌ని తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలెట్టిన కొత్తలో పేరుకున్న యూరిక్ యాసిడ్ కదిలి కాలి బొటనవేలు మళ్ళీ పోటెత్తుతుంది. "మందు పడలేదు" అని దాన్ని మానేసి, నొప్పి బిళ్ళ మాత్రం ఉంచుకుంటారు. 100 మిల్లీగ్రాములతో మొదలెట్టి, పోటు రాకుండా తోడుగా కొన్ని నెలలు తక్కువ మోతాదు కాల్చిసిన్ ఇచ్చి, యూరిక్ యాసిడ్ 6 లోపుకి దించాలి. ఒంటి మీద దద్దురు వస్తే మాత్రం ఆ పూటే ఆపేయాలి.

పొట్లాం వైపు న్యాయం

ఇంత చెప్పాక కూడా పొట్లాం ఎంచుకున్న మనిషిని నేను తప్పుపట్టలేను. లంక గ్రామం నుంచి రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం నిపుణుడు, ఉన్న పెద్ద ఊరికి వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవాళ్ళ కూలి, పరీక్షల ఖర్చు. అక్కడ రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు మాట్లాడతారు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు సాయంత్రం ఇంటికే వస్తారు, మంచం మీద కూర్చుని మాట్లాడతారు, డబ్బులు కోతలయ్యాక ఇచ్చినా ఊరుకుంటారు. రేపు ఊడ్పుకి వెళ్ళకపోతే ముఠాలో చోటు పోతుందన్న మనిషికి "పన్నెండు వారాలు ఆగు" అన్న మాట ఎలా ఎక్కుతుంది?

అందుకే ఈ సమస్య హితబోధలతో తీరదని నా నమ్మకం. పరీక్షే ఊరికి రావాలి. 104 బండి ఊళ్ళోకొచ్చి బీపీ, షుగర్ చూసి నెల మందులిచ్చే పద్ధతి మనకి అలవాటే. ఆ వరసలోనే కీళ్ళ మందులు వాడేవాళ్ళ పేర్లు రాసుకుని, రెండు మూడు నెలలకోసారి రక్తం తీసి క్రియాటినిన్, రక్తకణాలు, లివర్ చూడొచ్చు. పెద్ద ఊళ్ళో నిపుణుడు ఏడాదికి రెండుసార్లు చూసి, మధ్యలో పీహెచ్‌సీ డాక్టరు నడిపిస్తే సరిపోయే రోగులు చాలామంది ఉంటారు. ఆర్ఎంపీలని శత్రువుల్లా చూసి ఏమీ సాధించలేం. "పొద్దున్న ఎంతసేపు పట్టేస్తోంది? నోట్లో పుళ్ళున్నాయా? ఈ వారం బిళ్ళ ఏ రోజు వేసుకున్నావు?" అని అడిగి, తేడా ఉంటే పైకి పంపమంటే, వాళ్ళలో చాలామంది పంపుతారు. ఇది జరగదని కొట్టిపారేసేవాళ్ళున్నారు. క్షయకి ఆరు నెలల మందుని దగ్గరుండి మింగించిన వ్యవస్థ మనదే కదా.

ఇప్పటికే పొట్లాం వాడుతున్నవాళ్ళకి

ఈ వ్యాసం చదివి మీ అమ్మగారి పొట్లాన్ని రేపే చెత్తబుట్టలో పడేయకండి. మూడు వారాలకి మించి రోజూ స్టెరాయిడ్ పడిన ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికి రావొచ్చు. పొట్లాంలోని బిళ్ళలు, వీలైతే స్ట్రిప్పులు, పట్టుకుని ఎండీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎన్నేళ్ళుగా, రోజుకెన్ని అన్నది దాచకుండా చెప్పండి. ఇచ్చినాయన మీద చాడీ చెప్పినట్టవుతుందన్న మొహమాటం వద్దు. సాధారణంగా దాన్ని పొద్దున్నపూట ప్రెడ్నిసొలోన్‌కి మార్చి, వారాలు నెలలు పట్టించి, చివర్లో ఒక్కో మిల్లీగ్రామూ తగ్గిస్తూ వస్తారు. కీళ్ళవాతం ఉంటే అసలు మందు ముందే మొదలెడతారు, లేకపోతే నొప్పి తిరగబెట్టి మనిషి మళ్ళీ పొట్లానికే పోతాడు. ఎముకలకి కాల్షియం, విటమిన్ డీ, అవసరమైతే ఇంకా బలమైన మందు ఇస్తారు. షుగర్, కంటి ఒత్తిడి చూస్తారు.

తగ్గిస్తున్నన్నాళ్ళూ, ఆపేశాక ఇంకో ఏడాది వరకూ, పర్సులో ఒక కాగితం ఉండాలి: "స్టెరాయిడ్ ఇన్నేళ్ళు వాడారు, ఫలానా నెలలో ఆపారు" అని. శుక్లాల ఆపరేషన్‌కి వెళ్ళినా, తుంటి విరిగి చేర్చినా, పన్ను పీకించుకున్నా ఆ కాగితం చూపించాలి. వాంతులు ఆగకుండా, బీపీ పడిపోయి, మత్తుగా ఉన్న మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే లోపలికి అడుగు పెడుతూనే ఆ మాట చెప్పండి. చెబితే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ చేస్తారు. చెప్పకపోతే వాంతులు, విరేచనాల కింద లెక్కేసి సెలైన్ ఒక్కటే ఎక్కించి ఊరుకునే ప్రమాదం ఉంది.